జావా పల్లెలో బసా? ముందు పాక్ ఆర్టీని కలవండి

ఇండోనేషియాలోని జావా పల్లెల్లో చాలాచోట్ల వీధి మొదట్లో ‘తాము వాజిబ్ లాపోర్ 1×24 జామ్’ అని బోర్డు ఉంటుంది. రాత్రి ఉండే అతిథి ఎవరైనా 24 గంటల్లోగా వీధి పెద్దకు చెప్పాలని దానర్థం. ఆయన్నే పాక్ ఆర్టీ అంటారు. పాస్‌పోర్ట్ జిరాక్స్ పట్టుకెళ్లండి. వాకిట్లో నిలబడి ‘కులోనువున్’ అనండి, మన ‘ఏవండీ, ఇంట్లో ఎవరున్నారు?’ లాంటిదే. లోపల్నుంచి ‘మోంగ్గో’ (రండి) అని వినిపించాకే చెప్పులు విప్పండి. ఇచ్చే టీ మాత్రం దాదాపు పాకమే!

పచ్చటి వరిమడి చూసి ముచ్చటపడి, స్థానికుడి పేరున కొనేయకండి. ఇండోనేషియా 1960 నాటి భూచట్టం ప్రకారం విదేశీయులకు ‘హక్ మిలిక్’, అంటే భూమిపై యాజమాన్య హక్కు (ఆ హక్ మన హక్కే), దక్కదు. బినామీ కొనుగోలు చెల్లదు, కట్టిన డబ్బూ తిరిగి అడగలేరు.