పసుపు పరిశోధన ఎక్కడుందో వెతికే చిట్కా

‘పసుపుతో మోకాళ్ల నొప్పి తగ్గుతుందని పరిశోధనలో తేలింది’ అని అమ్మకు వాట్సాప్‌లో తరచూ వస్తుంటుంది. ఏ పరిశోధనో ఎవరూ చెప్పరు. గూగుల్‌లో వెతికితే మాత్రలు అమ్మేవాళ్లే ముందు ఎదురవుతారు.

అందుకే నేరుగా పబ్‌మెడ్‌కు వెళ్తున్నాను. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపే ఈ వైద్య పరిశోధన వ్యాసాల సైటు ఉచితం, ఖాతా కూడా అక్కర్లేదు. పూర్తి ప్రశ్న అడగకుండా ఇంగ్లీషులో మూడే మాటలు కొట్టాలి: curcumin (కర్క్యుమిన్, పసుపులోని పదార్థం), knee (మోకాలు), osteoarthritis (ఆస్టియోఆర్థరైటిస్, కీళ్ల అరుగుదల). చాంతాడంత జాబితా వస్తుంది. కంప్యూటర్‌లో అయితే ఎడమవైపు ‘సిస్టమాటిక్ రివ్యూ’, ‘మెటా అనాలిసిస్’ గడుల్లో టిక్కు పెట్టి, కాలాన్ని 5 ఏళ్లకు కుదించాలి. మొత్తం వ్యాసం చదవాలనుకుంటే ‘ఫ్రీ ఫుల్ టెక్స్ట్’ కూడా నొక్కాలి. ఒక్కో అధ్యయనం ఒక్కో మాట చెప్పే చోట, అన్నింటినీ కలిపి తూచిన వ్యాసాలే మిగులుతాయి.

తెరిచాక నేను ముందు చూసేవి మూడు: ఎంతమంది రోగులు, దేనితో పోల్చారు, రచయితలకు ఆ మందు కంపెనీతో సంబంధం ఉందా. పైన ‘రిట్రాక్టెడ్’ అని ఉంటే, అంటే వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారని అర్థం, అక్కడితో మూసేయడమే.

కొత్తగా వచ్చిన వ్యాసాలకు ‘సిస్టమాటిక్ రివ్యూ’, ‘మెటా అనాలిసిస్’ లాంటి ముద్ర పడటానికి కొంత సమయం పడుతుంది. ఈమధ్యే వార్తల్లో వచ్చిన అధ్యయనం కోసమైతే టిక్కులన్నీ తీసేసి, తేదీ వరుసలో వెతకాలి.