వానలకు ముందు ఎర చేపలు పెంచబోయేవాళ్లకు జాగ్రత్తలు

మృగశిర కార్తె దగ్గరపడగానే హైదరాబాద్‌లో చేపల మీద అందరికీ గాలి మళ్లుతుంది. ఇంటి వెనక రెండు సిమెంట్ తొట్లు, నీళ్లలోకి గాలి ఊదే ఏరేటర్ ఒకటి ఉంటే చాలు, వానాకాలమంతా గాలం వేసేవాళ్లకు ఎర చేపలు ప్రాణంతో అమ్ముకోవచ్చని కొందరు లెక్కలు వేస్తారు. వేయండి. కానీ తొట్లో పోసిన పిల్లలను కాదు, కొన్నవాడి బకెట్‌లో ఈదుతున్నవాటినే లెక్కపెట్టండి.

వెయ్యి పిల్లలను ఒక్కోటి 2 రూపాయలకు కొన్నారనుకుందాం. మేత, కరెంటు, కవర్లు, ఆక్సిజన్ కలిపి ఇంకో 2,500. అన్నీ బతికితే ఒక్కోదానికి పడిన ఖర్చు నాలుగున్నర. ఎండకో రోగానికో 400 పోతే ఏడున్నర. దారిలో ఇంకో వంద చస్తే తొమ్మిది. మీ కూలి ఇంకా కలపలేదు.

కాబట్టి ముందు కొనేవాళ్లను చూసుకోండి, తర్వాతే తొట్లు. గాలం సరదా ఎక్కువగా ఆదివారాలదే. మిగతా రోజులు చేపలు మీ మేత తింటూ కూర్చుంటాయి. కొరమీనుకు ఎర చేప బదులు రబ్బరు కప్పలు వేసేవాళ్లూ ఉన్నారు. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఇచ్చే చేప ప్రసాదానికి కొరమీను పిల్లలు వేలల్లో కావాలి, నిజమే. వాటిని మత్స్యశాఖ సమకూరుస్తుంది, ఆ రద్దీ చూసి అప్పు చేయకండి.

అసలు చిక్కు సైజు దగ్గర ఉంది. కూర చేప పెరిగేకొద్దీ డబ్బు. ఎర చేప రెండు మూడు అంగుళాలు దాటితే గాలానికి పెద్దది, కూరకు చిన్నది. అమెరికాలోని ఆర్కన్సాలో గోల్డెన్ షైనర్, ఫ్యాట్‌హెడ్ మిన్నో చేపలను ఎర కోసమే చెరువుల్లో పెంచుతారు. ఎన్ని పిల్లలు వదలాలి, ఎంత మేత వేయాలి అన్నదాంతోనే వాళ్లు సైజును పట్టి ఉంచుతారు. మన ఆంధ్రా చేపల రైతులు కూడా రోహు, కట్ల పిల్లలను కిక్కిరిసిన చెరువుల్లో ఎదగనివ్వకుండా ఉంచుతారు, అయితే అది తర్వాత వేగంగా పెంచడానికి. అలాగని మేత మరీ కోసేయకండి. నీరసపడ్డ చేప గాలానికి గుచ్చగానే వాలిపోతుంది, కొన్నవాడు మళ్లీ రాడు.

మే నెల దాటించడం ఇంకో టెన్షన్. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలిస్తే, 30 డిగ్రీల్లో ఏడున్నరే నిలుస్తుంది. చేపకేమో వేడిలో ఇంకా ఎక్కువ కావాలి. తొట్టి మీద షేడ్ నెట్ కట్టండి. ఏరేటర్‌కు బ్యాటరీ బ్యాకప్ లేకపోతే ఈ పని మొదలే పెట్టకండి, ఎందుకంటే తొలకరి గాలివానకు మొదట పోయేది కరెంటే. నాచుపట్టిన తొట్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, కాబట్టి లేవాల్సిందీ అప్పుడే. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, ఒక రోజు గాలి ఆడించాకే పోయండి. బోరు నీళ్లకూ గాలి పట్టించాలి. మేడ మీద నుంచి జారే మొదటి వాన నీళ్లు మాత్రం తొట్లోకి రానివ్వకండి.

పంపే ముందు రోజు మేత ఆపేయండి. కడుపు నిండిన చేప కవర్లోనే మురికి చేసి ఆ అమ్మోనియాకే చస్తుంది. కవర్లో మూడో వంతు నీళ్లు, మిగతా ఆక్సిజన్. పొద్దున్నే బయల్దేరదీయండి. అక్కడికి చేరాక కవరును కాసేపు నీళ్లలో తేలనిచ్చి, ఆ తర్వాత విప్పమనండి.

చెరువులోంచి వలతో పట్టిన పరిగెలను మీ తొట్లో కలపకండి. ఫ్రీగా వచ్చినా రోగంతో వస్తాయి. 2006లో వీహెచ్‌ఎస్ అనే చేపల వైరస్ భయంతో అమెరికా, తన గ్రేట్ లేక్స్ రాష్ట్రాల నుంచి ఆ వైరస్ సోకే రకాల చేపలు ప్రాణంతో దాటకుండా కట్టడి పెట్టింది. చిన్న తొట్లవాడికి ఒక్క రోగం చాలు, సీజన్ మొత్తం పోతుంది. గాలం వేసేవాళ్లకు కూడా చెప్పండి: మిగిలిన ఎరను చెరువులో వదలొద్దు, రోగం అంటితే నష్టం అక్కడ చేపల మీద హక్కున్న మత్స్య సొసైటీలకు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలు చవగ్గా ఇస్తామని ఎవరైనా వస్తే వెనక్కి పంపండి, మన దేశంలో దాని పెంపకంపై నిషేధం ఉంది.