విన్నిపెగ్ చలికాలం: "కారే కదా", "రెండు నిమిషాలే కదా" అనేవాళ్ళ కోసం

ఈ వారం కెనడాలోని ఈ ఊళ్ళో తెలుగు వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే ఫొటో తిరుగుతోంది. సెప్టెంబర్‌లో చదువుకోడానికి వచ్చిన అబ్బాయి, రాత్రి షిఫ్ట్ అయ్యాక ఫ్రెండ్ కారులో దింపుతాడులే అని హుడీ ఒక్కటే వేసుకుని పనికెళ్ళాడు. దార్లో కారు ఆగిపోయింది, ఇద్దరి ఫోన్లూ చలికి ఆఫ్ అయిపోయాయి, ఇంక చేసేదేం లేక ఎదురుగా కనిపిస్తున్న పెట్రోల్ బంక్ దాకా నడిచారు. పావుగంటో ఇరవై నిమిషాలో, అంతే. రెండు చెవుల మీదా బొబ్బలు, ఒక చేతి వేళ్ళకి కట్టు. ఆ రాత్రి విండ్‌చిల్, అంటే గాలి తోడై ఒంటికి తెలిసే చలి, మైనస్ 38.

ఫొటో కింద అందరూ "టేక్ కేర్ తమ్ముడూ, అందరూ వెచ్చటి బట్టలేసుకోండి" అని పెడుతున్నారు. వెచ్చటి బట్టలేసుకోవాలని తెలీనిది ఎవరికండీ. ఆ అబ్బాయికీ మంచి పార్కా (హుడ్ ఉన్న మందపాటి చలికోటు) ఉంది, రూమ్‌లో తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. ఇన్నేళ్ళలో ఇక్కడ చలికి దెబ్బతిన్నవాళ్ళని చాలామందినే చూశాను, జాకెట్ కొనుక్కోలేక దెబ్బతిన్నవాళ్ళు నాకు తెలిసి ఒకరో ఇద్దరో. మిగతా అందరికీ జాకెట్ ఉంది, ఒంటి మీద లేదు. ఎందుకు లేదంటే కారే కదా అంటారు, లేకపోతే రెండు నిమిషాలే కదా అంటారు.

రెండు నిమిషాల్లో ఏం కాదు, నేనూ ఒప్పుకుంటా. ఆ రెండు నిమిషాలు ఇరవై అయ్యే దారులు మాత్రం ఈ ఊళ్ళో బోలెడు. అందుకే గడప దాటేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు ఈ కారు ఆగిపోతే, ఈ బస్సు రాకపోతే, ఈ తలుపు తెరుచుకోకపోతే, ఒంటి మీదున్న వాటితో అరగంట బయట ఉండగలనా? ఉండలేను అనిపిస్తే వెనక్కెళ్ళి వేసుకుని రండి. కిందంతా వేరే విషయాలు రాస్తున్నట్టు ఉంటుంది గానీ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాను, విసుక్కోకండి.

ముందు లెక్కలు. ఇక్కడి వాతావరణ శాఖ ఎన్విరాన్‌మెంట్ కెనడా ప్రకారం విండ్‌చిల్ మైనస్ 28 నుంచి 39 మధ్య ఉంటే, కప్పుకోని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. మైనస్ 40 నుంచి 47 అయితే 5 నుంచి 10 నిమిషాలు. 48 నుంచి 54 అయితే 2 నుంచి 5. జనవరిలో ఇక్కడ రాత్రి సగటే మైనస్ 20 దాటుతుంది, గాలి తోడైతే మైనస్ 40 వార్త కూడా కాదు. (మైనస్ 40 దగ్గర సెల్సియస్, ఫారెన్‌హీట్ రెండూ ఒకటే, డల్లాస్‌లో ఉన్న బావగారికి లెక్క మార్చి చెప్పే పని లేదు.) కాబట్టి యాప్‌లో పైన పెద్దగా కనిపించే నంబర్ వదిలేసి "ఫీల్స్ లైక్" చూడండి. ఇక్కడివాళ్ళు "ఇట్స్ ఎ డ్రై కోల్డ్" అని నవ్వుతూ చెప్తారు, తేమ లేదు కాబట్టి అంత చలి అనిపించదట. వాళ్ళు పుట్టినప్పట్నుంచీ ఇక్కడే ఉన్నారు, మార్చిలో ప్లస్ 5 రాగానే షార్ట్స్ వేసుకుని తిరుగుతారు, చలికాలంలో కూడా స్లర్పీ (ఐస్ ముక్కల కూల్‌డ్రింక్) తాగుతారు. వాళ్ళని చూసి మనం బట్టలు తీసేయకూడదు.

బట్టల గురించి

కోఠీలో కొన్న జాకెట్ అక్టోబర్ దాకా పనికొస్తుంది. దాన్ని పారేయకండి, లోపలి పొరగా వాడుకోండి. పైన గాలి దూరని పార్కా, తుంటి కిందికి వచ్చేది, హుడ్ ఉన్నది, ఒకటి కావాలి. కొత్తది కొనలేకపోతే వాల్యూ విలేజ్‌లోనో కిజిజీలోనో సెకండ్‌హ్యాండ్‌ది దొరుకుతుంది, దాంట్లో నామోషీ ఏం లేదు, సగం ఊరు అలాగే కొంటుంది. ఒంటికి ఆనుకునే పొర కాటన్ వద్దు, చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడే చల్లబడి మనల్ని చంపుతుంది, వేర్‌హౌస్‌లో పని చేసి బయటికొచ్చేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. వేళ్ళు విడివిడిగా ఉండే గ్లవ్స్ కన్నా నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో ఉండే మిట్స్ వెచ్చగా ఉంటాయి. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి, బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్ళు ఇంకా త్వరగా మొద్దుబారతాయి. అమ్మ పెట్టి పంపిన మంకీ క్యాప్ చూసి సిగ్గుపడి పెట్టె అడుగున తోసేసినవాళ్ళు దాన్ని బయటికి తీయండి, చెవులు, బుగ్గలు, మెడ ఒకేసారి కప్పే వస్తువు అంతకన్నా మంచిది లేదు.

ఆడవాళ్ళకి ఒక మాట. ముక్కుపుడక, చెవి రింగులు, మెట్టెలు లోహం కాబట్టి త్వరగా చల్లబడి కింద చర్మాన్ని కొరికేస్తాయి. మరీ చలి ఎక్కువున్న రోజు ఎక్కువసేపు బయట ఉండాల్సి వస్తే తీసి ఇంట్లో పెట్టేయండి, లేదా అవి గాలికి తగలకుండా బాగా కప్పుకోండి.

ఇవన్నీ కొన్నాక అవి ఒంటి మీద ఉండాలి. కారు వెనక సీట్లో కాదు, డిక్కీలో కాదు. జనవరిలో దిగే పిల్లలకి ఇంకో విషయం, పార్కా చెకిన్ సూట్‌కేసులో పెట్టకండి. టొరంటోలో ఫ్లైట్ మారేటప్పుడు సూట్‌కేసు వెనకబడితే మీరు విన్నిపెగ్ ఎయిర్‌పోర్ట్ తలుపు బయట షర్ట్ మీద నిలబడతారు. చేతిలో పట్టుకుని ఎక్కండి, బరువైనా సరే.

కారు గురించి

కొత్తగా వచ్చినవాళ్ళు పార్కింగ్ లాట్‌లో కార్ల ముందు నుంచి వేలాడే వైర్లు చూసి ఇవన్నీ ఎలక్ట్రిక్ కార్లా అని అడుగుతారు. అది బ్లాక్ హీటర్ వైరు, ఇంజన్‌ని వెచ్చగా ఉంచుతుంది. మైనస్ 15 కిందికి వెళ్ళే రాత్రి ప్లగ్‌లో పెట్టాల్సిందే. రాత్రంతా అక్కర్లేదు, బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందు ఆన్ అయ్యేలా టైమర్ పెట్టుకుంటే కరెంట్ బిల్లు మిగులుతుంది. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాళ్ళు వైరు ఉంది కదా అని నమ్మకండి, చాలా కార్లలో లోపల తెగిపోయి ఉంటుంది, రోజూ భక్తిగా ప్లగ్ పెడుతుంటారు, అది పనే చెయ్యదు. మెకానిక్‌తో ఒకసారి మీటర్ పెట్టించి చూపించుకోండి, బ్యాటరీ కూడా అప్పుడే టెస్ట్ చేయించండి. వాషర్ లిక్విడ్ మైనస్ 40 అని రాసున్నదే పోయించండి.

ఇదంతా చేశాక కూడా కారు ఆగిపోవచ్చు. అందుకే మళ్ళీ చెప్తున్నా, కారులో హీటర్ ఉంది కదా అని హుడీ మీద ఎక్కొద్దు. ఇంజన్ ఆగిన క్షణం నుంచి ఆ కారు చుట్టూ అద్దాలున్న ఇనప డబ్బా, అంతే.

ఊళ్ళో ఆగిపోతే అంత భయపడక్కర్లేదు, ఎవరో ఒకరు ఆగుతారు. మంచులో చక్రం దిగబడితే దారినపోయే ముక్కూమొహం తెలీనివాళ్ళు వచ్చి తోసేసి, థాంక్స్ చెప్పేలోపే వెళ్ళిపోతారు. నంబర్ ప్లేట్ మీద "ఫ్రెండ్లీ మానిటోబా" (మానిటోబా ఈ రాష్ట్రం పేరు) అని ఊరికే రాసుకోలేదు. హైవే మీద కథ వేరు. హైవే 1 మీద బ్రాండన్ వైపో, హైవే 75 మీద అమెరికా బార్డర్ వైపో వెళ్తున్నప్పుడు గాలి లేచి మంచు ఎగిరితే ముందున్న కారు కూడా కనపడదు. అక్కడ ఆగిపోతే కారు దిగి నడవకండి. నేల ఎంత చదునుగా ఉంటుందంటే కిలోమీటర్ల అవతలి లైటు పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది, అది నమ్మి బయల్దేరినవాళ్ళు చేరరు. 2022 జనవరిలో ఎమర్సన్ దగ్గర నడిచి బార్డర్ దాటబోయిన గుజరాతీ కుటుంబం, అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ, ఆ పొలాల్లోనే చలికి ప్రాణాలు పోగొట్టుకున్నారు. అంత దూరం నుంచి వచ్చి, అలా.

కారులోనే ఉండండి, 911కి ఫోన్ చేయండి. ఇంజన్ పనిచేస్తుంటే గంటకి పది నిమిషాలు మాత్రమే నడపండి, నడిపే ముందు వెనక సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి, అద్దం కాస్త దించి ఉంచండి. గొట్టం మూసుకుపోతే పొగ లోపలికొస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. దుప్పటి, పార, జంపర్ కేబుల్, టార్చ్, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, తినడానికి ఏదన్నా కారులో పడేసి ఉంచండి. పెట్రోల్ సగం ట్యాంక్ కిందికి రానీయకండి.

తలుపు గురించి

ఇది ఎవరూ చెప్పరు. అపార్ట్‌మెంట్లలో మెయిన్ డోర్ దానంతట అదే లాక్ అయిపోతుంది. చెత్త డబ్బాలేమో వెనక లేన్‌లో ఉంటాయి. రాత్రి పదకొండుకి లుంగీ, చెప్పులు, టీషర్ట్ మీద చెత్త పడేయడానికి వెళ్ళి తాళం మర్చిపోయి, ఫోన్ లోపలుండి, రూమ్మేట్ చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కాల్ ఆఫ్ డ్యూటీ ఆడుకుంటూ ఉంటే, ఆ బయటున్న మనిషి గతేంటో ఊహించండి. ఇంచుమించు ఇలాగే జరిగింది నాకు తెలిసిన ఇంట్లో, పక్క బిల్డింగ్ ఆవిడ తలుపు తీసింది కాబట్టి సరిపోయింది. సిగరెట్ కోసం వెళ్ళేవాళ్ళు, పార్సెల్ తీసుకోడానికి కిందికి దిగేవాళ్ళు, బాల్కనీలో వీడియో కాల్‌లో అమ్మకి మంచు చూపించేవాళ్ళు, అందరికీ ఇదే. తాళం జేబులో, జాకెట్ ఒంటి మీద, అప్పుడు తలుపు తీయండి.

సోషల్స్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. పెళ్ళి కుదిరినవాళ్ళు ఖర్చుల కోసం కమ్యూనిటీ హాల్ తీసుకుని టికెట్లమ్మి పెట్టే పార్టీని ఇక్కడ సోషల్ అంటారు, ఆఫీసులో ఎవరో ఒకరు టికెట్ అంటగడతారు. బాగుంటుంది, వెళ్ళండి. ఫొటోల్లో బాగుండాలనో, కోట్ చెక్ (కోట్లు దాచిపెట్టే కౌంటర్) కి డబ్బులెందుకనో జాకెట్ ఇంట్లో వదిలి మాత్రం వెళ్ళకండి. మందు తాగాక ఒళ్ళు వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుంది, నిజానికి రక్తం చర్మం దగ్గరికొచ్చి లోపలి వేడి బయటికి పోతూ ఉంటుంది. పైగా ఇల్లు ఇక్కడే కదా, నడుద్దాం అనే ధైర్యం కూడా అప్పుడే వస్తుంది.

మిగతావి గబగబా రాసేస్తున్నా, ఒక వరుస లేదు.

చర్మం తెల్లగా, మైనంలా అయిపోయి స్పర్శ పోతే అది ఫ్రాస్ట్‌బైట్. రుద్దకండి. మంచుతో అసలు రుద్దకండి. లోపలికెళ్ళి గోరువెచ్చని నీళ్ళలో పెట్టండి. స్టవ్ దగ్గర, హీటర్ దగ్గర కాచుకోవద్దు, స్పర్శ లేదు కాబట్టి కాలినా తెలీదు. బొబ్బలొస్తే ఆస్పత్రికే, గ్రూపులో ఫొటో పెట్టి సలహా అడగొద్దు.

మనిషి మాట ముద్దగా వస్తున్నా, తడబడుతున్నా, వణుకు ఆగిపోయి నిద్రొస్తోంది అంటున్నా అది హైపోథర్మియా, అంటే ఒంట్లో వేడి ప్రమాదకరంగా పడిపోవడం, వెంటనే 911.

ఫోన్ లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా. 40 శాతం చూపిస్తూనే ఆగిపోతుంది.

చంటిపిల్లలకి లావు జాకెట్ తొడిగి దాని మీద కార్‌సీట్ బెల్ట్ పెట్టకండి. యాక్సిడెంట్‌లో జాకెట్ నొక్కుకుపోయి బెల్ట్ వదులవుతుంది. బెల్ట్ పెట్టి పైన దుప్పటి కప్పండి. బడికి సెలవిస్తారని చూడకండి, చలికి ఇక్కడ సాధారణంగా సెలవివ్వరు.

నది గడ్డకట్టింది కదా అని దిగొద్దు. ఊళ్ళో రెండు నదులు కలిసే ఫోర్క్స్ దగ్గర స్కేటింగ్ దారి తెరిచారని ప్రకటించాకే, ఆ దారి మీదే. వంతెనల కింద, డ్రైనేజీ నీళ్ళు కలిసేచోట మంచు పలచన.

సిగ్నల్ దగ్గర చాలా ముందునుంచే బ్రేక్ మీద కాలు పెట్టండి. కార్ల పొగే గడ్డకట్టి రోడ్డు గాజు అవుతుంది, ఇంత చలిలో ఉప్పు పనిచెయ్యదు, ఇసకే చల్లుతారు.

గరాజ్ తలుపు మూసి కారు స్టార్ట్ చేయొద్దు. ఎప్పుడూ.

డౌన్‌టౌన్‌లో స్కైవాక్ (బిల్డింగుల మధ్య మూసున్న వంతెన దారి), అండర్‌గ్రౌండ్ దారులు వాడండి. పోర్టేజ్ అండ్ మెయిన్ కూడలిని 1979లో నడిచేవాళ్ళకి మూసేసి మళ్ళీ 2025లో తెరిచారు, వేసవిలో దాటి ఫొటో దిగండి, జనవరిలో కిందనుంచే పొండి.

బస్సు టైమ్ చూసుకుని ఇంట్లోంచి బయల్దేరండి, ముందే వెళ్ళి నిలబడొద్దు. యాప్‌లో నాలుగు నిమిషాలు అని ఉన్నా అరగంటకి సరిపడా వేసుకునే వెళ్ళండి.

డిసెంబర్ నుంచి రాత్రిపూట స్నో రూట్ (మంచు తీయడానికి ఖాళీగా ఉంచాల్సిన రోడ్డు) బోర్డులున్న రోడ్ల మీద కారు వదిలేస్తే ఫైన్ వేస్తారు, లాగేసుకుపోతారు కూడా. లాగేసుకుపోయిన కారు కోసం తెల్లవారుజామున వీధిలో హుడీ వేసుకుని వెతక్కండి, లోపల కూర్చుని సిటీ వాళ్ళ 311కి ఫోన్ చేయండి.

మార్చిలో ఎండ చూసి బూట్లు అటక మీద పెట్టేయకండి. 1966లో పెద్ద బ్లిజార్డ్ (మంచు తుఫాను) వచ్చింది మార్చి 4న, 1997లో వచ్చింది ఏప్రిల్‌లో.