ముహూర్తం పెట్టుకునే ముందు: సెక్స్ అలవాటు అదుపు తప్పినవాళ్ల ఇళ్లలో జాగ్రత్తలు

ఆషాఢం సగంలో పడేసరికి నాకు ఒక రకం ఫోన్లు మొదలవుతాయి. "శ్రావణంలో ముహూర్తం అనుకుంటున్నామండీ, ఈలోపు మావాడికి నాలుగు మంచి మాటలు చెప్పండి" అని. ఈసారి మాత్రం ఫోన్ ఆసుపత్రి నుంచి వచ్చింది.

అబ్బాయికి ఇరవై ఏడేళ్లు. గుర్తుపట్టే వివరాలన్నీ మార్చి రాస్తున్నాను. బూతు వీడియోలు, ముక్కూమొహం తెలియనివాళ్లతో వీడియో చాటింగులు, వాటికోసం అప్పులు. సంక్రాంతి తర్వాత నా దగ్గరికి కౌన్సెలింగ్ కోసం ఐదు సిట్టింగులు వచ్చాడు. కాస్త పట్టు చిక్కుతోంది అనుకుంటుండగా, ఆరో సిట్టింగు రోజు వాళ్ల నాన్నగారు ఒక్కరే వచ్చారు. స్వీట్ బాక్సు బల్ల మీద పెట్టి, "సంబంధం కుదిరింది మేడమ్ గారూ. పెళ్లయితే అదే సర్దుకుంటుంది, ఇంక మీకు శ్రమ ఉండదు" అన్నారు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆయన నవ్వి, దండం పెట్టి వెళ్లిపోయారు.

పెళ్లి పదకొండు రోజులుందనగా ఆ అబ్బాయి ఒక వీడియో కాల్ ఎత్తాడు. అవతలివాళ్లు రికార్డు చేశారు. పెళ్లికూతురి తరఫు బంధువుల పేర్లు వరసగా చదివి వినిపించి డబ్బు అడిగారు. లోన్ యాప్‌లలో తీసి మరీ మూడుసార్లు కట్టాడు. నాలుగోసారి కట్టలేక ప్రాణం తీసుకోబోయాడు. వాళ్ల అక్క సమయానికి చూసింది కాబట్టి బతికాడు.

అందుకే ఈ జాగ్రత్తలు. చెడు స్నేహాలు మానండి, ఫోన్ తగ్గించండి లాంటివి ఇందులో ఉండవు. అవి తెలిసి కూడా ఆగలేకపోవడమే ఈ జబ్బు. నేను పట్టుకుని వదలనిది ఒకటే మాట: పెళ్లి మందు కాదు.

ముందు, ఇది ఆ సమస్యేనా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల జబ్బుల జాబితా ఐసీడీ-11లో దీనికి పేరుంది: కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్. ఆ జాబితా 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దీన్ని మద్యం, గంజాయి లాంటి వ్యసనాలతో కలపకుండా, తహతహను ఆపుకోలేని రుగ్మతల కింద పెట్టారు. ఆరు నెలలకు పైగా అదే వరస ఉండాలి. చదువు, ఉద్యోగం, ఆరోగ్యం, ఇల్లు దెబ్బతింటున్నా ఆగలేకపోవాలి. మానాలని ఎన్నోసార్లు ప్రయత్నించి ఓడిపోవడం ఇంకో గుర్తు. చాలామంది చివరికి అందులో సుఖం కూడా లేకుండానే చేస్తుంటారు.

అదే జాబితాలో ఇంకో మాట స్పష్టంగా ఉంది. తప్పు చేస్తున్నాననే బాధ ఒక్కటే ఉంటే అది ఈ జబ్బు కాదు. కాబట్టి హస్తప్రయోగం చేసుకుని పాపం చేశానని కుమిలిపోయే కుర్రాడు రోగి కాడు. వాడికి కావలసింది సరైన సమాచారం.

ఎన్నిసార్లు అనేది కొలత కాదు. ఏం పోతోంది అనేది కొలత. ఒక తల్లి నాతో అన్నది ఇప్పటికీ గుర్తుంది: "మావాడు స్నానానికి వెళ్తే కుళాయి చప్పుడు గంటసేపు వినిపిస్తుందండీ. బకెట్ నిండి పొర్లిపోతున్నా కట్టడు. మా ట్యాంకు రోజూ పదింటికే ఖాళీ." ఆ అబ్బాయి ఆ ఏడాది మూడు పరీక్షలు రాయలేదు. ఇలాంటిది అమ్మాయిలకీ ఉంటుంది. వాళ్లు ఇంకా ఆలస్యంగా చెప్పుకుంటారు, అంతే.

మామూలుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి మారిపోతే వేరే కారణం వెతకాలి. నిద్ర అక్కర్లేకుండా తిరుగుతూ, డబ్బు నీళ్లలా ఖర్చుపెడుతూ, ఆగకుండా మాట్లాడుతూ ఉంటే అది బైపోలార్ అనే మానసిక జబ్బులో వచ్చే ఉద్రేక దశ, అంటే మేనియా కావచ్చు. పార్కిన్‌సన్స్‌కి ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు కొందరిలో ఈ తహతహను రేపుతాయి. "ఈ వయసులో ఇదేం బుద్ధి" అని పెద్దాయనను తిట్టే ముందు మందుల చీటీ తీసి న్యూరాలజిస్టుకి చూపించండి. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.

ఇంకొకటి. అబ్బాయికి అబ్బాయిల మీద ఇష్టం ఉండటం జబ్బు కాదు. దాన్ని మారుస్తామనే వైద్యాన్ని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా తేల్చింది. అక్కడ కూడా పెళ్లి మందు కాదు. అక్కడ అసలు రోగమే లేదు.

వైద్యం దారి తప్పేది ఎక్కడ?

చాలామంది మొదట వెళ్లేది గోడ మీద రాతల దగ్గరికి. "నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, ప్రతి నెలా ఫలానా తారీఖున ఫలానా లాడ్జిలో." అక్కడ ఇచ్చేది పొట్లం, దానితోపాటు భయం. సెక్స్ శక్తి పెంచుతామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మేజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నిషేధం. వెళ్లకండి.

అసలు వైద్యం మాటలతో మొదలవుతుంది. సీబీటీ అనే పద్ధతిలో ఒక నోటు పుస్తకం పెట్టి, తప్పిన ప్రతిసారీ దానికి రెండు గంటల ముందు ఏం జరిగిందో రాయిస్తాం. పది పేజీలు నిండేసరికి వరస బయటపడుతుంది: ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. ఒకరికి ప్రతిసారీ మేనేజర్ తిట్టిన రాత్రే. ఇంకొకరికి ఇంట్లో అందరూ ఊరెళ్లిన రోజే. కోరిక అల లాంటిది, పైకి లేచి తనంతట తనే పడిపోతుంది. ఆ కాసేపు దాన్ని తొక్కిపట్టకుండా, దాని వెంట పోకుండా కూర్చోవడం నేర్పిస్తాం. చెప్పినంత సులువు కాదు, కానీ వస్తుంది.

దీనికోసమే ప్రత్యేకంగా అనుమతి పొందిన మందు లేదు. డిప్రెషన్‌కి ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు, కొందరికి నాల్ట్రెక్సోన్, సైకియాట్రిస్ట్ చూసి రాస్తారు. స్నేహితుడి చీటీతో కొనుక్కోకండి. బైపోలార్ ఉన్నవాళ్లకు వేరే మందు తోడు లేకుండా ఇచ్చిన డిప్రెషన్ మందు మేనియాను లేపగలదు.

ఎక్కడికి వెళ్లాలి? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా, రాత్రీపగలూ మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఫోన్, ఇంటర్నెట్ అలవాట్ల కోసం బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో షట్ క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది. 1977లో అమెరికాలోని మినియాపొలిస్‌లో మొదలైన సెక్స్ అడిక్ట్స్ అనానిమస్ లాంటి బృందాల సమావేశాలు ఆన్‌లైన్‌లో ఉంటాయి, ఎక్కువగా ఇంగ్లీషులో. మనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలియడమే కొందరికి సగం బలం. డాక్టరు దగ్గర చెప్పిన విషయం బయటికి పొక్కకూడదని మెంటల్ హెల్త్‌కేర్ చట్టం, 2017 చెబుతోంది. ఊళ్లో తెలిసిపోతుందేమో అన్న భయంతో ఆగిపోకండి.

పెళ్లి మాట వచ్చినప్పుడు

ఇక్కడే అందరూ పడిపోతారు. తల్లిదండ్రుల లెక్క ఇలా ఉంటుంది: వాడికి కోరిక ఎక్కువ, తీరే దారి లేక అటు పోతున్నాడు, భార్య వస్తే దారిలో పడతాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ నోటు పుస్తకం తిరగేయండి. అందులో ఉన్నది కోరిక కాదు. టెన్షన్, అవమానం, ఒంటరితనం, వాటి నుంచి పారిపోవడానికి దొరికిన ఒకే ఒక్క తలుపు. భార్య వచ్చినా ఆ తలుపు అక్కడే ఉంటుంది. పెళ్లయిన కొత్తలో కొన్ని వారాలు ఆగుతుంది. "చూశారా, తగ్గింది" అంటారు. ఉద్యోగంలో మొదటి కష్టం రాగానే, లేదా పురిటికి భార్య పుట్టింటికి వెళ్లగానే, తిరిగి మొదలవుతుంది. ఈసారి దాచాల్సిన మనిషి పక్కమీదే ఉంటుంది కాబట్టి అబద్ధాలు రెట్టింపు.

ఆ అమ్మాయి సంగతి ఎవరూ ఆలోచించరు. నేను చూసిన భార్యలందరూ ముందు తమనే అనుమానించుకున్నారు. నేను బాగుండనా, నాలో ఏం తక్కువ అని. ఒకామె ఆరు నెలలు అన్నం మానేసి సన్నబడింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు, అది ఆమె రాకముందు నుంచీ ఉన్నదని. ఇంకొకరి బిడ్డను మీ బిడ్డకు మాత్రగా వాడకండి. పెళ్లి మందు కాదు.

విదేశాల నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చేవాళ్ల ఇళ్లలో ఇది మరీ ఘోరం. ఆ మూడు వారాల్లోనే పెళ్లిచూపులు, నిశ్చితార్థం, తాళి, వీసా కాగితాలు. చెప్పుకునే వ్యవధే ఉండదు. ఆ అమ్మాయి తెలియని దేశంలో, తెలియని అపార్టుమెంటులో, ఫోన్ పట్టుకుని బాత్‌రూం తలుపేసుకునే మనిషితో ఒంటరిగా మిగులుతుంది.

నిజం చెప్పాల్సింది నిశ్చితార్థానికి ముందు. తర్వాత చెబితే కాదనే స్వేచ్ఛ ఆమెకు ఉండదు, ఫంక్షన్ హాలు అడ్వాన్సు కట్టేసి ఉంటారు, ఊళ్లో మాట ఆమె మీదే పడుతుంది. అబ్బాయే చెప్పాలి. మధ్యవర్తి ద్వారా కాదు, వాళ్లమ్మ ద్వారా అసలే కాదు. సమస్య ఇది, ఇన్నేళ్లుగా ఉంది, వైద్యం ఇక్కడ నడుస్తోంది, అప్పులు ఇంత, వేరేవాళ్లతో సంబంధాలు ఉన్నాయా లేవా. ఇంతే. ఏ వీడియోలో ఏముందో వర్ణించాల్సిన పని లేదు, ఆ బొమ్మలు ఆమె తలలోంచి పోవు. ఎలా చెప్పాలో థెరపిస్టు దగ్గర ఒకసారి అనుకుని వెళ్లండి.

వైద్యం మొదలుపెట్టాక ఏడాది ఆగమంటాను నేను. ఇది పుస్తకంలో ఉన్న రూలు కాదు, నేను చూసినదాన్ని బట్టి వేసుకున్న లెక్క.

ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిన ఆ అబ్బాయి మొన్న మంగళవారం ఆరో సిట్టింగుకి వచ్చాడు. వాళ్ల నాన్నగారు బయట బెంచీ మీద గంటసేపు తల ఎత్తకుండా కూర్చున్నారు.

ఇక వరసగా చెబుతాను, చదివి ఇంట్లో అందరికీ చెప్పండి.

సంబంధం కుదిరిందని సిట్టింగులు ఆపకండి. కుదిరినప్పుడే ఇంకా కావాలి. పెళ్లి పనుల్లో నిద్ర ఉండదు, డబ్బు టెన్షన్, ఇంటినిండా చుట్టాలు, స్నేహితుల మందు పార్టీ. ఆ నోటు పుస్తకంలో రాసినవన్నీ ఒకేసారి వచ్చి పడతాయి.

రెండు నెలలు ఆగాడని నయమైపోయిందనుకోకండి.

ఒకసారి తప్పితే అంతా పోయిందనుకోకండి. "ఎలాగూ పోయింది కదా" అని ఆ రాత్రంతా మునిగిపోవడమే అసలు ప్రమాదం. మర్నాడు పొద్దున్నే థెరపిస్టుకి చెప్పండి.

తెలియని నంబరు నుంచి వీడియో కాల్ ఎత్తకండి.

బెదిరిస్తే ఒక్క రూపాయి కట్టకండి. కడితే ఆగరు, మీ దగ్గర ఉందని తెలిసి ఇంకా అడుగుతారు. స్క్రీన్‌షాట్లు దాచుకోండి, చాట్ చెరిపేయకండి, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఫోన్ లాక్కుని భార్య చేతికిచ్చి కాపలా పెట్టకండి. ఆమె భార్య, పోలీసు కాదు.

కొట్టకండి. చుట్టాల ముందు పరువు తీయకండి. సిగ్గు పెరిగితే ఈ అలవాటు తగ్గదు, ముదురుతుంది.

బయట సంబంధాలు ఉంటే హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు చేయించుకోండి. ప్రభుత్వాసుపత్రిలోని హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రం ఐసీటీసీలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు గోప్యం. మొదటిసారి లేదని వచ్చినా మూడు నెలలు దాటాక మళ్లీ ఒకసారి. నిన్నో మొన్నో జరిగి ఉంటే ఆసుపత్రికి పరుగెత్తండి, ముందుజాగ్రత్త మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి. సందేహాలుంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097.

మైనర్ల బూతు వీడియోలు వెతకడం, చూడటం, డౌన్‌లోడ్ చేయడం ఐటీ చట్టం 67బీ సెక్షన్ కింద నేరం. అలవాటు అటు జారుతోందని అనిపించిన రోజే సైకియాట్రిస్ట్ దగ్గర ఉండాలి.

జబ్బు ఉందని ఇంకొకరిని ముట్టుకునే హక్కు రాదు. బస్సులో అయినా, ఆఫీసులో అయినా, కట్టుకున్న భార్య మీద అయినా.

అమ్మాయి తరఫువాళ్లు అడిగితే అబద్ధం చెప్పకండి. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు చెబుతారు.

పెళ్లి మందు కాదు. తాతగారు పోయేలోపు చూడాలన్నా కాదు. శ్రావణం దాటితే మూఢం వచ్చేస్తుందన్నా కాదు. కార్డులు అచ్చయిపోయినా కాదు. వాయిదా వేయండి.

చచ్చిపోవాలనిపిస్తే ఇంట్లో ఒకరిని లేపండి. అర్ధరాత్రి అయినా లేపండి. ఏం జరిగిందో అంతా చెప్పక్కర్లేదు, "నాకు బాగాలేదు, నా పక్కన పడుకో" అంటే చాలు. 14416కి ఆ గదిలోంచే ఫోన్ చేయండి. అప్పటికే ఏదైనా జరిగిపోయి ఉంటే, కేసవుతుందని భయపడి డాక్టరు దగ్గర దాచకండి. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ ఆ మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడమంటుంది. 108కి ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పండి.