స్టాల్ దగ్గర నోరు పారేసుకునేవాళ్ళతో ఎలా వేగాలి

హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్లోనో శిల్పారామంలోనో, గేటెడ్ కమ్యూనిటీల్లో పెట్టే సంక్రాంతి మేళాల్లోనో కొత్తగా పొడులు పచ్చళ్ళ స్టాల్ పెట్టేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది రెంట్ గురించి కాదు, లైసెన్స్ గురించి కూడా కాదు, "అక్కా ఆ మాటలు పడలేకపోతున్నా, నువ్వెలా నెట్టుకొస్తున్నావ్" అనే. ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసేస్తున్నా. పచ్చళ్ళే కాదు, చీరలైనా కొవ్వొత్తులైనా చాలావరకు ఇదే వర్తిస్తుంది.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి. మీ మీద అరిచేవాడు ఒక్కడు, వాడి పక్కన పర్సు చేతిలో పట్టుకుని కొందామా వద్దా అని చూస్తున్నవాళ్ళు నలుగురు. మీ జవాబు ఆ నలుగురికి. అరిచేవాడు ఎలాగూ కొనడు, వాడిని ఒప్పించడానికి గొంతు చించుకుంటే నలుగురూ మెల్లగా పక్క స్టాల్‌కి జారుకుంటారు. నేను ఏం మాట్లాడాలన్నా ముందు చూసుకునేది ఇదే, ఈ మాట వాళ్ళ చెవిన పడితే బాగుంటుందా లేదా అని.

గొడవల్లో సగం నోటితో కాదు, బోర్డుతో ఆగిపోతాయి. ధర పావుకిలోకి ఎంత, అరకిలోకి ఎంత, దూరం నుంచి కనపడేంత పెద్ద అక్షరాల్లో రాసి పెట్టండి. ధర కనపడకపోతే అడుగుతారు, అడిగాక "అమ్మో" అంటారు, ఆ అమ్మో దగ్గరే మొదలవుతుంది అంతా. డబ్బా మీద ఎమ్మార్పీ, నికర బరువు, ప్యాక్ చేసిన నెల, అడ్రసు, కంప్లైంట్ కోసం ఫోన్ నంబరు ఎలాగూ ఉండాల్సిందే. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే నంబరు 14 అంకెలు, చిన్న వ్యాపారం రిజిస్ట్రేషన్ అయితే 2తో మొదలవుతుంది, లైసెన్స్ అయితే 1తో. ఆ సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించి కస్టమర్ కళ్ళకి ఎదురుగా తగిలించండి, మీ వెనకాల మూల కాదు.

పిలుపు కూడా చూసుకోండి. హైదరాబాద్‌లో అన్నా అక్కా అంటే సరిపోతుంది, విజయవాడ గుంటూరు వైపు ఒక "అండి" తగ్గినా మొహం మాడుతుంది. నలభై దాటినట్టు కనిపించినా సరే ఎవర్నీ ఆంటీ అనకండి, మేడమ్ అనండి లేదా అమ్మా అనండి. ఆంటీ అన్నందుకు మూడు డబ్బాలు కౌంటర్ మీద వదిలేసి వెళ్ళిపోయిన ఆవిడని నేను చూశా, ఆవిడ తప్పేం లేదు అనే అంటా నేను!

ఇక శాంపిల్ రాయుళ్ళు. ఆవకాయ, గోంగూర, కరివేపాకు పొడి, కంది పొడి అన్నీ వరసగా రుచి చూసి "మా అమ్మ ఇంతకంటే బాగా చేస్తుందండీ" అని పెదవి విరిచి వెళ్ళేవాళ్ళు. దీనికి కోపం తెచ్చుకోవడం వేస్ట్. "అమ్మ చేతి పచ్చడి దొరికేవాళ్ళకి మేమెందుకండీ, అదృష్టవంతులు, మేం ఆ అదృష్టం లేనివాళ్ళ కోసం" అని నవ్వుతూ అనండి. పక్కన హాస్టల్లో ఉండే పిల్లలు ఉంటే వాళ్ళే డబ్బా తీసుకుంటారు. శాంపిల్ మాత్రం మీ చేతి మీదుగానే వెళ్ళాలి, గిన్నె అందుబాటులో పెట్టి వదిలేస్తే ఎంగిలి స్పూన్ మళ్ళీ ముంచుతారు, మీరు వద్దంటారు, "ఏంటండీ అంత పొగరు" అంటారు. ఇడ్లీని చిన్న ముక్కలు కోసి టూత్‌పిక్ గుచ్చి పొడి అద్ది ఒక్కొక్కటి ఇవ్వండి, మనిషికి రెండు రకాలు, "ఏ రెండు చూస్తారు" అని ముందే అడగండి. గొడవే ఉండదు.

బేరం వేరే, అవమానం వేరే. బేరమాడటం మనవాళ్ళ హక్కు, దాన్ని మనసుకి తీసుకోకండి. కానీ "బజార్లో కిలో మూడొందలు, నువ్వేంటి దోచుకుంటున్నావ్" అన్నప్పుడు నూనె ఏదో మిరపకాయ ఏదో లెక్కలు చెప్తూ కూర్చోవద్దు, సంజాయిషీలా ఉంటుంది. "ధర ఇదేనండీ, చిన్న ప్యాకెట్ తీసుకుని చూడండి, నచ్చితే మళ్ళీ రండి" అని ఒకే ఒక్కసారి చెప్పి తర్వాతి కస్టమర్ వైపు తిరగండి. అరిచినవాడికి తగ్గించి, మర్యాదగా అడిగిన ఆవిడకి తగ్గించకపోయారనుకోండి, ఆవిడ అక్కడే నిలబడి చూస్తూ ఉంటుంది, ఆ తర్వాత ఆ లైన్‌లో అందరూ అరుస్తారు. తగ్గింపు ఇవ్వాలనుకుంటే బోర్డు మీదే రాయండి, మూడు తీసుకుంటే ఇంత అని, అందరికీ ఒకటే.

కొంచెం జాగ్రత్తగా ఉండాల్సింది "ఇదంతా కల్తీ" అనేవాళ్ళతో. ఎరుపు చూడగానే రంగు కలిపారు అంటారు. నేను స్టాల్ కింద ఎప్పుడూ ఒక గాజు గ్లాసు, వాటర్ బాటిల్, విడిగా ఉత్త మిరప్పొడి ఉంచుకుంటా. ఒకసారి ఒకాయన చుట్టూ అందరికీ వినపడేలా "గుంటూరు కారం పేరుతో రంగు పొడి అమ్ముతున్నారు" అని మొదలుపెట్టాడు, నేను ఏం అనలేదు, గ్లాసు కౌంటర్ మధ్యలో పెట్టి నిండా నీళ్ళు పోసి, "సార్ మీరే వెయ్యండి" అని చిటికెడు కారం ఆయన చేతిలోనే పెట్టా. ఆయన వేశాడు. నీళ్ళల్లో కరిగే రంగు కలిపుంటే పైనుంచి కిందకి ఎర్రగా గీతలు గీతలుగా దిగుతుంది. మాది పైన కొంచెం తేలింది, మిగతాది మెల్లగా అడుక్కి చేరింది, గీతలేం రాలేదు. ఆయన కొన్నాడా? లేదు. గ్లాసులోకి తొంగి చూసిన వాళ్ళు కొన్నారు. ఇది పచ్చడితో చెయ్యొద్దు, నూనె పసుపు ఉంటాయి కాబట్టి అర్థం అవదు, ఉత్త కారంతోనే. మీరు కారం బయట కొంటుంటే మాత్రం ముందు ఇంట్లో చేసి చూసుకుని రండి, అందరి ముందు గీతలు దిగితే ఇంక చెప్పేదేం లేదు.

అప్పటికీ వదలకపోతే, ఒక డబ్బా కొని ఫుడ్ అనలిస్ట్ దగ్గర ఫీజు కట్టి టెస్ట్ చేయించుకునే హక్కు కొన్నవాళ్ళకి ఉంది, 2006 ఫుడ్ సేఫ్టీ చట్టంలో సెక్షన్ 40. "చేయించుకోండి సార్, బిల్లు ఇస్తా" అని శాంతంగా అంటే నూటికి తొంభై మంది అక్కడితో సర్దుకుంటారు. వెటకారంగా అనకండి, నిజంగానే బిల్లు రాయడం మొదలుపెట్టండి.

ఫోన్ తీసి "వైరల్ చేస్తా" అనేవాళ్ళు ఇప్పుడు కొత్త రకం. ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టొద్దు, లాక్కోవడం అసలు వద్దు, వాళ్ళకి కావాల్సిన క్లిప్ అదే. డబ్బా లేబుల్ కెమెరా వైపు తిప్పి, తేదీ ఇది, నంబరు ఇది, సమస్య ఏంటో చెప్పండి అని మామూలు గొంతుతో అనండి. నిజంగానే మూత లీకైనా, బూజు కనపడినా వాదన లేకుండా డబ్బులు వెనక్కిచ్చి ఆ డబ్బా పక్కన పెట్టెయ్యండి, అప్పుడు అరిచింది వాళ్ళ తప్పు కాదు.

డబ్బుల గొడవ ఎక్కువ రాత్రి ఏడు దాటాకే. జనం కిక్కిరిస్తే నెట్‌వర్క్ చచ్చిపోతుంది, "నాకు కట్ అయింది, నీకు రాలేదంటే నేనేం చెయ్యను" అని ఊగిపోతారు. ఒక్కోసారి నిజమే చెప్తారు, ఒక్కోసారి స్క్రీన్‌షాట్ ఫేక్. దొంగ అని మాత్రం అనొద్దు. "సౌండ్ బాక్స్ పలికితేనే ఇవ్వగలనండీ, అందరికీ అదే" అని చెప్పి, వాళ్ళ యాప్‌లో ఆ పేమెంట్‌కి కనపడే 12 అంకెల యూటీఆర్ నంబరు అడిగి రాసుకోండి. షాపులకి కట్టే యూపీఐలో డబ్బు కట్ అయి మనకి చేరకపోతే 5 రోజుల్లోపు బ్యాంకే తిరిగి వెయ్యాలి, దాటితే రోజుకి 100 రూపాయలు ఇవ్వాలి అని ఆర్‌బీఐ 2019లోనే చెప్పింది. ఈ ముక్క ఒక అట్ట మీద రాసి క్యూఆర్ పక్కన అంటించండి, సగం మంది చదివి చల్లబడతారు. చిల్లర దగ్గర ఉంచుకుంటే మిగతా సగం కూడా.

ఇప్పుడు ఓర్చుకోకూడని రకం. ఆడవాళ్ళు స్టాల్ చూసుకుంటుంటే కొనకుండా అరగంట నిలబడటం, "పచ్చడి కంటే నువ్వే ఘాటుగా ఉన్నావ్" టైపు మాటలు, నంబరు ఇవ్వమని సతాయించడం. ఇక్కడ నవ్వొద్దు, కస్టమర్ దేవుడు అనే సూత్రం ఇక్కడ పనికిరాదు. గట్టిగా, అందరికీ వినపడేలా, "ఏం కావాలో చెప్పండి, లేకపోతే పక్కకి జరగండి" అనండి. ఈ ఒక్కచోట మాత్రం గొంతు పెంచాల్సిందే, పక్కనున్న నలుగురూ మీ వైపే నిలబడతారు. కదలకపోతే 112. తెలంగాణలో ఆడవాళ్ళని వేధించేవాళ్ళని పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచి ఉన్నాయి, నుమాయిష్ లాంటి చోట్ల మఫ్టీలో తిరుగుతూనే ఉంటారు. మాటతోనో సైగతోనో ఆడమనిషిని కించపరిస్తే, ఐపీసీ బదులు వచ్చిన కొత్త నేరాల చట్టం బీఎన్‌ఎస్ సెక్షన్ 79 కింద మూడేళ్ళ దాకా జైలు, చెయ్యి వేస్తేనే కేసు అనుకోకండి. స్టాల్ పెట్టిన మొదటి రోజే పోలీస్ అవుట్‌పోస్ట్ ఎక్కడుందో, ఆర్గనైజర్ల ఆఫీస్ నంబరు ఏంటో కనుక్కోండి, అటూ ఇటూ స్టాళ్ళ వాళ్ళతో టీ తాగి పరిచయం చేసుకోండి. తాగి వచ్చినవాడితో మాత్రం ఒక్క మాట కూడా వద్దు, సెక్యూరిటీని పిలవడమే.

పాంప్లెట్లు పంచేటప్పుడు మొహం మీదే నలిపి పడేస్తారు, దానికి బాధపడేవాళ్ళు చాలామంది ఉన్నారు, అలవాటైపోతుంది. లోపలికి వచ్చేవాళ్ళకి కాకుండా, చాట్ బండీ దగ్గర కూర్చుని తింటున్నవాళ్ళకి ఇవ్వండి, చేతిలో ఏదో ఒకటి చదవడానికి కావాలి వాళ్ళకి. పడేసినవి సాయంత్రం మీరే ఏరించండి, లేకపోతే ఆర్గనైజర్ తిడతాడు.

ఒక్కరే స్టాల్ నడపకండి. ఎవరితోనైనా మాట మాట పెరుగుతుంటే రెండోవాళ్ళు "నేను చూస్తా, నువ్వు లోపల స్టాక్ చూడు" అని మధ్యలోకి రావాలి, ఇది ముందే అనుకుని పెట్టుకోండి, ఒక సైగ చాలు. మనిషి మారగానే అరిచేవాడు కథంతా మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాలి, అందులోనే సగం వేడి దిగిపోతుంది. హెల్పర్ అమ్మాయిని కస్టమర్ తిట్టాడని మీరూ వాళ్ళ ముందే తిట్టొద్దు, రేపు ఆ పిల్ల రాదు. సాయంత్రం రద్దీ మొదలయ్యే లోపు అందరూ ఏదో ఒకటి తినేయండి, ఖాళీ కడుపుతో ఉంటే ఎంత ఓపికమంతులకైనా నోరు జారుతుంది.

స్టాల్ కట్టేశాక ఆ కోపంలో వాట్సాప్ స్టేటస్‌లో "ఇలాంటి కస్టమర్లు కూడా ఉంటారు" అని పెట్టకండి, వాళ్ళ ఫొటో అసలు పెట్టకండి. ఆ స్టేటస్ చూసేది మీ దగ్గర కొన్నవాళ్ళే, "మా గురించేనా" అనుకుంటారు. దాని బదులు ఆ రోజు ఎవరు దేనికి అరిచారో బిల్ బుక్ వెనక రెండు ముక్కలు రాసుకోండి. ఒకే కంప్లైంట్ మళ్ళీ మళ్ళీ వస్తోంటే, ఉప్పు ఎక్కువనో మూత రావట్లేదనో, మర్నాడు స్టాల్ తెరిచేలోపు సరిచెయ్యాల్సింది అదే.