సా సెన్సర్‌తో స్ట్రెయిన్ కొలవడం ఎలా?

ఉక్కు బద్దను ఒక చివర బిగించి, రెండో చివర బరువు వేలాడదీస్తే పై ముఖం కంటికి ఆననంత సాగుతుంది. ఆ సాగుడే స్ట్రెయిన్, పాఠ్యపుస్తకాల్లో వికృతి. మీటరుకు ఒక మైక్రాన్ సాగితే ఒక మైక్రోస్ట్రెయిన్.

సా (SAW, సర్ఫేస్ అకౌస్టిక్ వేవ్, అంటే ఉపరితల ధ్వని తరంగం) సెన్సర్ చిన్న క్వార్ట్జ్ చిప్పు. రెండు దువ్వెనల పళ్లు ఒకదాన్లో ఒకటి దూర్చినట్టు దానిమీద అల్యూమినియం గీతలుంటాయి. సిగ్నల్ ఇస్తే పైపొరలో అల పుడుతుంది. 434 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ అల పొడవు సుమారు 7 మైక్రాన్లు. చిప్పు సాగితే పళ్ల ఎడం, అల వేగం రెండూ మారి రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ, అంటే చిప్పు అన్నిటికన్నా బలంగా స్పందించే ఫ్రీక్వెన్సీ, పక్కకు జరుగుతుంది.

రిమోట్లలో దొరికే రేకు డబ్బా రెజొనేటర్ చవకే గానీ పనికిరాదు. డబ్బా సాగినా లోపలి చిప్పుకు సరిగా తెలియదు. స్ట్రెయిన్ కోసమే చేసిన చిప్పు కొనండి.

1. బద్దను ఎమరీ పేపర్‌తో రుద్ది, ఎసిటోన్‌తో తుడవండి. గుడ్డకు నలుపు అంటడం ఆగేదాకా తుడవాల్సిందే. తర్వాత వేలు పెట్టొద్దు.

2. ఎపాక్సీని పలచగా రాసి, అల నడిచే దిక్కు బద్ద పొడవు వెంట ఉండేలా చిప్పును అతికించండి. సగం తంటా ఇక్కడే. జిగురు మందమైతే సాగుడు జిగురులోనే మిగిలిపోతుంది. ప్యాకెట్ మీద చెప్పినంతసేపు ఆరనివ్వండి, తొందరపడితే తర్వాత ఏడవాలి.

3. అలాంటి చిప్పే కింది ముఖాన, సరిగ్గా అదే చోట అతికించండి. పైది సాగితే కిందిది నొక్కుకుంటుంది. రెండింటి తేడా తీస్తే వేడివల్ల వచ్చే మార్పు చాలావరకు కొట్టుకుపోయి, స్ట్రెయిన్ రెట్టింపై కనిపిస్తుంది.

4. కేబుల్‌ను బద్దకే కట్టి, చిప్పును లాగకుండా చూడండి. నానోవీఎన్ఏలో (ఫ్రీక్వెన్సీలను వరుసగా పంపి, తిరిగొచ్చే సిగ్నల్‌ను కొలిచే చిన్న పరికరం) స్పాన్, అంటే చూసే ఫ్రీక్వెన్సీల వెడల్పు, 500 కిలోహెర్ట్జ్ పెడితే, 101 పాయింట్లకు ఒక్కో మెట్టు 5 కిలోహెర్ట్జ్. ఒక్కో మైక్రోస్ట్రెయిన్‌కు ఫ్రీక్వెన్సీ జరిగేది కొన్ని వందల హెర్ట్జే! అందుకే రెజొనెన్స్ దగ్గర తెరమీద కనిపించే గుంటలో అట్టడుగు పాయింటును నమ్మకుండా, ఆ గుంట చుట్టూ వక్రరేఖ గీసి కనిష్ఠాన్ని లెక్కించండి.

5. ఇక కాలిబ్రేషన్. వెడల్పు 25, మందం 3 మిల్లీమీటర్ల బద్దకు, చిప్పు నుంచి 200 మిల్లీమీటర్ల దూరంలో కిలో బరువు వేలాడితే పై ముఖాన దాదాపు 260 మైక్రోస్ట్రెయిన్ రావాలి. పావుకిలో చొప్పున పెంచుతూ, మళ్లీ తగ్గిస్తూ ఫ్రీక్వెన్సీ రాసుకోండి. ఎక్కే గీత, దిగే గీత కలవకపోతే ముందు జిగురునే అనుమానించండి.

6. కిలో బరువును రాత్రంతా వదిలేయండి. గది వేడి మారకపోయినా తెల్లారేసరికి రెండు చిప్పుల తేడా మెల్లగా జారిందంటే జిగురు పాకుతోందన్నమాట, అంటే బరువు కింద మెల్లగా సాగిపోతోంది. ఊడదీస్తే చిప్పు విరుగుతుంది, కాబట్టి మొదట్లోనే రెండు చిప్పులు అదనంగా కొనిపెట్టుకోండి.