3 వోల్టుల సైరన్‌కి 12 వోల్టుల గొంతు

మొక్కజొన్న చేలోకి అడవిపందులు రాకుండా సైరన్ కూతలు పుట్టించే యూఎం3561 ఐసీ (చిప్)తో సైరన్ కట్టాను. కూత బాగానే ఉంది కానీ గట్టు దాటి వినపడదు. ఐసీ నడిచేది 3 వోల్టుల మీద. 8 ఓమ్‌ల స్పీకర్‌ని కూడా ఆ 3 వోల్టులతోనే మోగిస్తే దానికి అందేది అర వాట్ చిల్లర. ఇక్కడ స్పీకర్‌ని నడిపే ట్రాన్సిస్టర్ ఎంత పెద్దది వేసినా ఒరిగేదేమీ లేదు. పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజీ నాలుగింతలైతే పవర్ పదహారింతలు.

అందుకని రెంటికీ సప్లై విడగొట్టాను. మందు కొట్టే స్ప్రేయర్‌లోని 12 వోల్టుల బ్యాటరీ ప్లస్ నేరుగా స్పీకర్‌కి. ఐసీకి మాత్రం 470 ఓమ్‌ల రెసిస్టర్, 3 వోల్టుల జీనర్ (వోల్టేజీని 3 దగ్గర నిలిపే డయోడ్), దానికి అడ్డంగా 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్. ఈ కెపాసిటర్ మానొద్దు, లేకుంటే స్పీకర్ కరెంటు లాగినప్పుడల్లా కూత వణుకుతుంది. ఐసీ మూడో పిన్ నుంచి 1 కిలోఓమ్ ద్వారా టిప్122 ట్రాన్సిస్టర్ బేస్‌కి. కలెక్టర్‌కి స్పీకర్ రెండో వైరు, ఎమిటర్ నెగటివ్‌కి. స్పీకర్‌కి అడ్డంగా 1ఎన్4007 డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కి.

ట్రాన్సిస్టర్‌లో ఒక వోల్టు పోయినా ఏడు వాట్లు వస్తున్నాయి. హీట్‌సింక్ బిగించండి. స్పీకర్ 15 వాట్ల హార్న్ రకం తీసుకోండి. అదే పవర్‌కి కోన్ స్పీకర్ కన్నా చాలా దూరం వినిపిస్తుంది.